దువ్వెన పరిచర్య

శనివారాన్ని నేను మూడు ముక్కలు చేసుకునేదాన్ని. పొద్దున పని, మధ్యాహ్నం పుణ్యం, సాయంత్రం పడక. మొదటి రెండూ మూడోదాని మీద ఆశతోనే చేసేదాన్నని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

అప్పటికింకా రాష్ట్రం ఒక్కటే. బేగంపేటలో ఇంకా విమానాలు దిగుతుండేవి. అక్కడే ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో నేను టైపిస్టుని. విమానం నెత్తిమీదుగా పోయినప్పుడల్లా నా వాక్యంలోంచి ఒక అక్షరం ఎగిరిపోయేది. తప్పు విమానానిదని మా ఆఫీసరు ఎన్నడూ నమ్మలేదు. ఆ ఆఫీసు నాకిచ్చిన ఒకే ఒక్క గొప్పతనం శనివారం సెలవు. మా ఆయన లెక్కల మాస్టారు, ఆయనకి శనివారం ఒంటిపూట బడి. ఆయన కార్ఖానా బస్తీలోని మా ఇంటికి చేరేలోగా నా బజారు పనులు తెమిలిపోవాలన్నది నా లెక్క. ఆయన లెక్కలు ఎప్పుడూ తేలేవి, నావి ఎప్పుడూ తేలేవి కావు.

నేను చెప్పబోయే శనివారం కూడా అలాగే మొదలైంది. గిర్నీలో గోధుమల డబ్బా దించి, పిండి పట్టేలోగా తెగిన చెప్పు కుట్టించుకున్నాను. ఇస్త్రీ అతను పోయినవారం చీర "రేపిస్తా అమ్మా" అన్నాడు. అతని రేపు ఎప్పటికీ రేపే. మోండా మార్కెట్లో వంకాయలు బేరమాడి గెలిచాను. మధ్యాహ్నం వంటకి ఇంటికొచ్చి కోస్తే, నాకంటే ముందే పురుగులు గెలిచి ఉన్నాయి. అద్దె పుస్తకాల కొట్లో పాత నవల ఇచ్చేసి, వార్తాపత్రిక కాగితంతో అట్ట వేసిన కొత్తది తీసుకున్నాను. సాయంత్రం పడకకి అదే నా తోడు. దాన్ని చేతిసంచిలో వేసుకుని రెండు గంటలకి చర్చి గేటు దగ్గరికి చేరాను.

అక్కడి నుంచి పుణ్యం మొదలు. మా చర్చి స్త్రీల సమాజం తరఫున ఆరేడుగురం రొట్టెలు, అరటిపళ్ళు పట్టుకుని సికింద్రాబాద్‌లోనే ఒక సర్కారు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. ఒక్కో మంచం దగ్గర నిలబడి, ఒక చరణం పాడి, ఎవరో ఒకరు ప్రార్థన చేయాలి. చూసి చదివే ప్రార్థన కాదు. అప్పటికప్పుడు, గట్టిగా, మనసులోంచి పొంగుకు రావాలి. మాలో పుట్టిన పిల్లలకి అది నడకతో పాటే వస్తుందంటారు. నాకు నడక ఒక్కటే వచ్చింది. మా అమ్మ భోజనం ముందు ప్రార్థిస్తే పప్పు మీద పొర కట్టేది. ఆమె కడుపున పుట్టిన నేను మొదటిసారి ఆసుపత్రిలో కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈవిడకి నొప్పి తగ్గించు, ఆమేన్" అని కళ్ళు తెరిచేశాను. మిగతావాళ్ళు అప్పుడే కళ్ళు మూసుకుంటున్నారు.

"ఇదేంటమ్మాయ్? బస్సు టికెట్టు మీద కూడా ఇంతకంటే ఎక్కువ రాసి ఉంటుంది" అన్నారు టీచరుగారు.

టీచరుగారంటే మా సమాజం అధ్యక్షురాలు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ప్రార్థిస్తే రోగులు వెక్కి వెక్కి ఏడ్చి తేలికపడేవాళ్ళు, నేను కళ్ళారా చూశాను. కళ్ళు తెరుచుకుని ప్రార్థన వినేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేనే చూశాను. ఆ రోజు నుంచి నన్ను సంచులు మోయడానికి మార్చారు. సంచి దించాక చేతులు ఖాళీ. ఒకసారి ఒక ముసలామె ముఖం మీద పడ్డ జుట్టు తీసి దువ్వాను. మరుసటి వారం ఆమె పక్క మంచం ఆవిడ "నాకూ" అంది. ఆ తర్వాత సంచిలో దువ్వెన, పేలదువ్వెన, కొబ్బరినూనె సీసా, నాలుగు రిబ్బన్లు చేరాయి. సమాజంలో ఎవరో నవ్వుతూ దానికి దువ్వెన పరిచర్య అని పేరు పెట్టారు. ఎగతాళే, కానీ నాకు నచ్చింది. ఇంత చిన్న ఉద్యోగానికి అంత గంభీరమైన హోదా ఆఫీసులో కూడా ఇవ్వలేదు.

ఆ శనివారం ఆడవాళ్ళ వార్డులో నాలుగో మంచం మీద కొత్త మనిషి ఉంది. వేరే వార్డులో ఆరు వారాలు ఉండి, ఆ వారమే ఇక్కడికి వచ్చిందట. యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి మొగుడితో వచ్చి, నాలుగిళ్ళలో వంట చేసుకుంటూ మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టారు. ఆరు వారాలుగా ఆ తల దిండు మీద నుంచి లేవలేదు. ఒకప్పుడు నడుము దాటిన జుట్టు కాబోలు, ఇప్పుడు పీచు తీయని కొబ్బరికాయలా ఒక ముద్దయి ఉంది. రెండు చేతులతో ఆ ముద్దని పట్టుకుని, మేము పాట ఎత్తుకోకముందే ఏడుస్తోంది.

సంగతి ఆయా చెప్పింది. "సోమవారం ఆపరేషనున్నది. గంత చిక్కు, గన్ని పేలు పెట్టుకొని లోపలికి తీస్కపోరు గద. ఐదింటికి మంగలొస్తడు, గుండు కొట్టేస్తడు. నర్సమ్మ చెప్పింది. ఈమెనేమో పొద్దుగాల్నుంచి ఒకటే లొల్లి."

"ముట్టుకోవద్దని సెప్పండమ్మా" అందామె, మా అందరి ముఖాలూ వెతికి ఎందుకో నా ముఖం దగ్గర ఆగి. "ఇది నాది కాదు."

"మరెవరిదమ్మా?" అని టీచరుగారు మెత్తగా అడిగారు.

"సింవాద్రప్పన్నది."

సింహాచలం అప్పన్న స్వామిదన్నమాట. మొగుడికి పచ్చకామెర్లు వచ్చి మనిషి దక్కడన్నప్పుడు, తలనీలాలు సింహాచలంలో ఇస్తానని మొక్కుకుందట. మనిషి లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక ఏడు వంటిళ్ళవాళ్ళు సెలవివ్వలేదు, ఇంకో ఏడు ఊళ్ళో దాయాదుల్లో చావు, గుడి గడప తొక్కకూడదు. ఈ ఏడు వెళ్దామనుకుంటే కాలు విరిగింది.

"ఇక్కడ గీసీసి బకెట్లో పారీసినారంటే ఆ సామికి నానేటి సెప్పాల? నాకైతే పరవాలేదమ్మా. మొక్కు తప్పితే అది మా ఆయన మీదికొస్తాది."

టీచరుగారు ఆమె నుదుటి మీద చెయ్యి వేశారు. "అలా ఏమీ రాదమ్మా. నువ్వు మోస్తున్న భారం దేవుడే దించేస్తున్నాడనుకో. జుట్టుదేముంది, మళ్ళీ వస్తుంది." ఆవిడ మంచిమనసుతోనే అన్నారు. కానీ మంచం మీది మనిషి ఆ మాటకి కళ్ళు మూసుకుని గోడ వైపు తిరగబోయింది. కాలికి బరువు ఉంది కాబట్టి తిరగలేకపోయింది.

ఆ తిరగలేకపోవడమే నన్ను పట్టేసింది. గోడ గడియారంలో రెండూ నలభై. నేను స్టూలు లాక్కుని ఆమె తల దగ్గర కూర్చున్నాను.

"చిక్కు తీసేస్తే గుండు అక్కర్లేదుగా?" అని ఆయాని అడిగాను.

"గా చిక్కా? నువ్వు తీస్తవా?" ఆయా నన్ను పైనుంచి కిందికి చూసింది. "నర్సమ్మ దువ్వెన పెడ్తే జారాలె. లేకుంటే గుండే."

ప్రార్థన అయింది. అందరూ పక్క మంచానికి కదిలారు, నేను తప్ప.

"అమ్మాయ్, ఇంకా పదకొండు మంచాలున్నాయి" అన్నారు టీచరుగారు.

"మీరు కానివ్వండి. నేనిక్కడ ఉంటాను."

ఆవిడ వెనక్కి వచ్చి, రోగికి వినబడకుండా గొంతు తగ్గించారు. గొంతు తగ్గిందే కానీ మాట పెరిగింది. మామూలుగా "అమ్మాయ్" అనే ఆవిడ కోపమొస్తే "సహోదరీ" అంటారు.

"సహోదరీ, ఆ జుట్టు ఎక్కడికి పోతుందో తెలిసే చేస్తున్నావా?"

"తెలుసండీ. వాల్తేరు దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో."

"హాస్యాలొద్దు. మన సమాజం తరఫున వచ్చి, విగ్రహానికి అర్పించే దానికి చెయ్యి వేస్తావా?"

"చెయ్యి కాదండీ, దువ్వెనే."

"నువ్వు లేవకపోతే వచ్చే శనివారం మాతో రానక్కర్లేదు."

నా జీవితంలో నేను పెద్దవాళ్ళకి ఎదురుచెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వేళ్ళు అప్పుడు నూనెలో ఉన్నాయి కాబట్టి లెక్కపెట్టలేదు. "సరేనండీ" అన్నాను. ఒప్పుకుంటున్నానని ఆవిడ అనుకున్నారు. రానక్కర్లేదన్నదానికే సరే అన్నానని ఆవిడకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆవిడ వెళ్ళిపోయారు. వెంట అందరూ వెళ్ళారు. సమాజంలో అందరికంటే చిన్నది, ఎప్పుడూ నోరు విప్పని కొత్త కోడలు ఒకామె మాత్రం పోతూ పోతూ తన సంచిలోంచి బల్లగుడ్డలు అల్లే క్రోషా సూది తీసి మంచం మీద పడేసి, ఎవరో తరుముతున్నట్టు నడిచింది.

ఆ సూది లేకపోతే ఆ వేళ కథ వేరు. చిక్కుని కుదురు దగ్గర మొదలుపెట్టి లాగితే బిగుస్తుంది. కొసల నుంచి రావాలి. ముందు ముద్దంతా నూనెలో నానబెట్టాలి. సూది కొక్కేన్ని ముడి లోపలికి దూర్చి ఒక్కొక్క వెంట్రుకనీ బయటికి పిలవాలి. విడిన పాయని పైన రిబ్బనుతో కట్టేసి, మళ్ళీ దాని జోలికి పోకూడదు. నేను టైపిస్టుని. తప్పులు చేసే వేళ్ళకి తప్పులు దిద్దే ఓపిక కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"నొప్పెడితే చెప్పండి" అన్నాను.

"ఒలమ్మా, నొప్పెడతంది. అయినా లాగండి. కాలు నొప్పికన్నా ఇది నయమే." మళ్ళీ తనే, "మీరు కిరస్తానీలు కదా?" అంది.

"అవును."

"మరి మా అప్పన్న జుత్తుకి మీరెందుకమ్మా ఇంత సేత్తన్నారు? మీవోళ్ళు కోపపడినారు కదా."

ఆ మొక్కు మీద నాకు నమ్మకం లేదు. ఆ జుట్టు ఎవరి దగ్గరికో చేరుతుందన్న నమ్మకం కూడా లేదు. కానీ మొక్కు ఆమెది, జుట్టు ఆమెది, మొగుడు ఆమెవాడు. ఆమె ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలనుకుంటోంది. మాట నిలబెట్టుకోవడం పాపమని నాకు ఏ ఆదివారమూ ఎవరూ బోధించలేదు. బోధించినా ఆ పూట వినే ఉద్దేశం నాకు లేదు. ఇదంతా ఆమెతో అనలేదు. "వంకాయలు బాగోలేవమ్మా, ఇంటికెళ్ళినా పనేం లేదు" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వితే తల కదిలి సూది జారింది. "నవ్వకండి" అంటే ఇంకా నవ్వింది.

ఆ తర్వాత మేమిద్దరం నోరు మూయలేదు. ఆమె వంట చేసే ఇళ్ళలో ఎవరు ఎవరికి తెలియకుండా ఏం తింటారో నాకు మొత్తం తెలిసిపోయింది. మా ఆయన కూరలో ఉప్పు తగ్గితే పైకి చెప్పకుండా మజ్జిగలో ఎక్కువ వేసుకుంటాడని నేను చెప్పాను. "మొగోళ్ళంతే, రోగవొచ్చినప్పుడే నిజం సెప్తారు" అందామె. సంచిలో నవల ఉందన్న సంగతే మర్చిపోయాను. వారమంతా ఆశపడ్డ పడక ఎవరి మంచం పక్కనో స్టూలు మీద తీరిపోతోందని నాకు తట్టలేదు.

మూడున్నరకి నూనె అయిపోయింది. అంతసేపూ ఐదడుగుల దూరంలో చేతులు కట్టుకుని చూస్తున్న ఆయా గొణుక్కుంటూ పోయి ఒక సీసా పట్టుకొచ్చింది. "గిది నాది. మొత్తం గుమ్మరించకు." నాలుగూ పదికి ఎడమ పక్కంతా విడింది. నాలుగున్నరకి కుడిపక్క సగం. అప్పుడు పదకొండు మంచాలూ పూర్తి చేసి టీచరుగారు వచ్చి నిలబడ్డారు.

"వెళ్దామా?" అన్నారు. అది పిలుపు కాదు, చివరి అవకాశమని నాకు తెలుసు.

"ఇంకో అరగంట ఉందండీ."

"పాస్టరుగారికి చెప్పాల్సి వస్తుంది."

"చెప్పండి. పేర్లు తారుమారు కాకుండా చెప్పండి. మొక్కింది ఈవిడ, దువ్వింది నేను."

ఆవిడ ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. ఇన్నేళ్ళుగా రెండు ముక్కలకి మించి ప్రార్థన చేయలేనిదానికి ఇంత నోరు ఎక్కడిదనుకున్నారేమో. నాకూ అదే ఆశ్చర్యం. గుంపు మెట్లు దిగిపోయింది. ఎవరి తలనో నా తలకెత్తుకున్నానని, ఇక దించే వీలు లేదని అప్పుడు కాస్త భయం వేసింది. భయంతో వేళ్ళు మాత్రం ఆగలేదు.

ఐదింటికి మంగలి వచ్చాడు. వెనకాలే నర్సు. అప్పటికి కుడిపక్క కూడా విడింది కానీ, మెడ వెనక, దిండుకి నొక్కుకుపోయిన చోట గుప్పెడు ముద్ద మాత్రం రాయిలా అలాగే ఉంది. సూది దిగడం లేదు.

నర్సు దువ్వెన పెట్టింది. నుదుటి నుంచి జారింది. చెవి పక్క నుంచి జారింది. మెడ దగ్గర ఆగింది.

"గిదొక్కటి ఉంచుతరా?" అన్నాడు మంగలి, కత్తెర తీస్తూ. "మొత్తం తీసుడే నయం. ఐదు నిమిషాల పని."

"రెండు గంటల్లో ఇంత తీశాను. ఇంకో గంట ఇవ్వండి" అన్నాను నర్సుతో.

"విజిటింగ్ టైము అయిపోయిందండీ. గేటు మూసేస్తారు."

నేను లేవలేదు. సెక్యూరిటీ అతను వచ్చి లేపితే అప్పుడు చూద్దామనుకున్నాను. అప్పుడు మంచం మీది మనిషి నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా, ఆ ముద్ద మీరే కోసీయండి. అతనొద్దు, మీరు. కింద పడనీకండి. నా సేతిలో పెట్టండి. ఇడిగా ఇచ్చినా అప్పన్న ఏటనడు. మొత్తం బకెట్లోకి పోకపోతే సాలు."

నర్సు సరేనని తలాడించింది. మంగలి కత్తెర నాకిచ్చాడు. నేను కోశాను. ఆ గుప్పెడూ ఆమె అరచేతిలో పెట్టాను. చుట్టడానికి ఏమీ లేకపోతే నవల అట్టకి వేసిన వార్తాపత్రిక కాగితం ఊడదీసి ఇచ్చాను. ఆమె పొట్లం కట్టి దిండు కింద పెట్టుకుంది. నర్సు మళ్ళీ దువ్వెన పెడితే కొస దాకా జారింది. మిగతా జుట్టుని రెండు జడలు వేసి తల చుట్టూ బిగించి కట్టాను. నర్సు జడలు తడిమి చూసి, "పేలమందు రాత్రికి మేం రాస్తాం, వెళ్ళండి" అంది. మంగలి, "నా పని తప్పించినవ్ గదమ్మా" అంటూ పక్క మంచానికి పోయాడు. ఆయా తన సీసా వెలుగుకెత్తి చూసుకుని, "మొత్తం గుమ్మరించినవ్" అని నిట్టూర్చింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. మర్నాటి ఆదివారం ఆరాధనలో రెండో పాటకే నా తల దురద మొదలైంది. మా ఆయన పక్కనుంచి వంగి, "పుణ్యం రావడం విన్నాను గానీ, ఇలా తలకెక్కడం ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. ఆయనకి అప్పటికే జరిగినదంతా చెప్పాను. ఆ సాయంత్రం పేలదువ్వెన పట్టుకుని నా వెనక కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. తెలియక చేశానని నలుగురిలో ఒక్కమాట చెబితే చాలన్నారు. క్షమాపణ అనే పేరు కూడా పెట్టనన్నారు టీచరుగారు. అది ఆవిడ పెద్దమనసు. నేను లేచి నిలబడి, "తెలిసే చేశానండీ" అని కూర్చున్నాను. నా ప్రార్థనల కంటే కొంచెం చిన్నదే. మరుసటి శనివారం నుంచి గేటు దగ్గరికి వెళ్ళలేదు, తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాను, వాళ్ళకి ఒక గంట ముందు. వార్డులో ఎదురుపడితే "వందనాలండీ" అనేదాన్ని. వాళ్ళూ అనేవాళ్ళు. వాళ్ళు పాడేవాళ్ళు, నేను దువ్వేదాన్ని. ఆ మంచాలు మా ఎవరివీ కావు కదా.

ఆమెకి ఆపరేషను బాగానే అయింది. వాకరుతో నాలుగడుగులు వేయించి ఇంటికి పంపేశారు. నేను మా చర్చి ఎక్కడో మాటల్లో చెప్పాను తప్ప, మళ్ళీ కలుస్తామని అనుకోలేదు.

ఎండాకాలం దాటాక ఒక ఆదివారం ఆరాధనకి వెళ్తుంటే గేటు బయట ఒక ఆడమనిషి చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. పక్కన బక్కగా ఒక మగమనిషి. ఆమె కొంగు జారింది. నున్నటి గుండు, దాని మీద పచ్చగా చందనం పూత. నాకు గుర్తుపట్టడానికి జుట్టే ఆధారం కాబట్టి, అది లేక ఒక నిమిషం తికమకపడ్డాను.

"పొట్లం కూడా ఇచ్చీసినానమ్మా" అందామె, నేనేం అడుగుతానో తెలిసినట్టు. "ఇతనే మా ఆయన." ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, చందనం గుండు వైపు గర్వంగా చూశాడు.

ఆమె ఆకులో చుట్టిన లడ్డూ తీసింది. తీసి, చర్చి వైపు చూసి, మెట్ల మీద ఆగిపోయిన మా వాళ్ళని చూసి, చెయ్యి సగంలో ఆపింది. "మీకు తప్పేమో కదమ్మా. ఇంకొకరికి అర్పించినది మీవోళ్ళు తినరంట కదా. ఆస్పత్రిలో ఆయమ్మ సెప్పింది. మీకు సూపించి పట్టుకెలిపోదావని తెచ్చినాను."

తప్పే. చిన్నప్పటి నుంచి ఎన్ని పండగలకి ఎన్ని ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి వచ్చిన పళ్ళేలని మా అమ్మ నవ్వుతూ అందుకుని, వాళ్ళు అటు వెళ్ళగానే పక్కన పెట్టేసేదో నాకు గుర్తే. మెట్ల మీద టీచరుగారు నిలబడి చూస్తున్నారు. ఆవిడ పక్కన సమాజమంతా ఉంది. గంట కూడా అప్పుడే మొదలైంది.

నేను చెయ్యి చాపాను. లడ్డూ విరిచి అక్కడే, గేటు ముందే, నోట్లో వేసుకున్నాను. జీడిపప్పు తగిలింది. మిగతా సగం ఆమె మొగుడికిచ్చాను.

"ఎలాగుంది?" అందామె.

"చాలా బావుంది."

వాళ్ళు వెళ్ళాక మెట్లెక్కాను. టీచరుగారు నా ముఖం వంక చూసి, చాలా నెమ్మదిగా, "నోరు తుడుచుకుని లోపలికి రా, అమ్మాయ్" అన్నారు.

నేను తుడుచుకోకుండానే లోపలికి వెళ్ళి మా బెంచీలో కూర్చున్నాను.